మా అడ్రసు అమీర్‌పేటే

శాసనసభకు పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలి. రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటరై ఉండాలి. జనరల్ అభ్యర్థి పదివేలు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థి అయిదువేలు డిపాజిట్ కట్టాలి. ఇంతవరకూ మాకు ఇబ్బంది లేదు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు సంతకం పెడితే చాలు గానీ, మాబోటి ఇండిపెండెంట్లకు పదిమంది ప్రతిపాదకులు కావాలి. ఆ పదిమందీ ఆ నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి. నామినేషన్లకు ఇంకా చాలా టైముంది కదా, ముందే లెక్క చూసుకుందామని అమీర్‌పేట మైత్రీవనం వెనక సందుల్లో, కోచింగ్‌కూ ఉద్యోగాలకూ వచ్చి మేముండే హాస్టళ్లలో అంతస్తు అంతస్తూ తిరిగి అడిగాం. కరీంనగర్ ఓటర్లు దొరికారు. ఒంగోలు ఓటర్లు, నారాయణఖేడ్ ఓటర్లు, పాలకొండ ఓటర్లు దొరికారు. అమీర్‌పేట ఉన్న సనత్‌నగర్ నియోజకవర్గం ఓటరు మాత్రం మా హాస్టళ్లన్నిటికీ కలిపి ఒక్కరే: వంటమాస్టరు.

మేం ఒక్కటవ్వడానికి కారణం ఇదే. అమీర్‌పేట మమ్మల్ని నమ్ముకుని బతుకుతోంది. తెల్లారి ఇడ్లీబండి నుంచి రాత్రి జిరాక్స్ షాపు దాకా, మూడు మంచాల గదికి అద్దె తీసుకునే ఇంటాయన నుంచి వాడేసిన కీబోర్డులు అమ్మే కుర్రాడి దాకా అందరి గల్లాపెట్టెలోనూ మేమున్నాం. ఓటర్ల జాబితాలో మాత్రం లేం. ఎన్నికలప్పుడు ఏ పార్టీ కార్యకర్తా మా మెట్లెక్కడు. ఎందుకెక్కాలి? అతని చేతిలో ఉన్న కాగితంలో మా పేర్లే లేవు. అతని తప్పు పట్టి లాభం లేదు.

ఇది మా వేదిక తొలి ప్రణాళిక. వేదికకు ఇంకా పేరు పెట్టలేదు. అభ్యర్థిని కూడా ఎంచుకోలేదు. ముందు పనులు రాసుకుని, ఆ పనులకు తగిన మనిషిని తర్వాత వెతుక్కుందామని నిర్ణయించుకున్నాం. మన దగ్గర పార్టీలు దీన్ని తిరగేసి చేస్తాయి. మా అభ్యర్థికి మొదటి షరతు: అంతకుముందు ఏ ఎన్నికలోనూ నిలబడి ఉండకూడదు. గడువు ప్రకారం జరిగితే 2028లో జరిగే శాసనసభ ఎన్నికలో సనత్‌నగర్ నుంచి ఆ మనిషి పోటీ చేస్తారు.

కొత్తవాళ్లు ఇలాంటి పనికి దిగితే ఏమవుతుందో మాకు తెలియక కాదు. ఎన్టీ రామారావు 1982 మార్చి 29న పార్టీ పెట్టి పది నెలలు తిరక్కుండానే ముఖ్యమంత్రి అయ్యారు. అది వేరే కథ, ఆయన మొహం అప్పటికే ప్రతి ఇంట్లో ఉంది. మాకు దగ్గరి లెక్క 2009లో పక్కనే కూకట్‌పల్లిలో జరిగింది. లోక్‌సత్తా నుంచి జయప్రకాశ్ నారాయణ గెలిచారు, ఆ పార్టీకి సభలో ఆయన ఒక్కరే. ఒక్క మనిషి సభలో ప్రశ్న అడగవచ్చు, సవరణ పెట్టవచ్చు, మాట రికార్డుకెక్కించవచ్చు. ప్రభుత్వాన్ని మార్చలేడు. ఇక 2023లో కొల్లాపూర్‌లో నిరుద్యోగుల గొంతుగా ఇండిపెండెంటుగా నిలబడ్డ శిరీషను, అందరూ బర్రెలక్క అన్న ఆ అమ్మాయిని, రాష్ట్రమంతా చూసింది. ఓట్లు మాత్రం ఆరువేలు కూడా దాటలేదు. ఫోన్లో చూసి చప్పట్లు కొట్టినవాళ్లలో ఎంతమందికి కొల్లాపూర్‌లో ఓటుందో లెక్కేసుకుంటే ఆశ్చర్యం ఉండదు. అభిమానం ఒకచోట, ఓటు ఇంకోచోట ఉంటే ఫలితం అంతే.

అందుకే మా మొదటి పని ఓటు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటు హక్కును ‘సాధారణ నివాసం’తో ముడిపెట్టింది. సొంతిల్లు ఉండాలనలేదు, ఇన్నేళ్లు ఉండాలనలేదు. మామూలుగా ఎక్కడ తిని, ఎక్కడ పడుకుంటున్నావన్నదే ప్రశ్న. విద్యార్థులకు ఎన్నికల సంఘం ఇంకో వెసులుబాటు ఇచ్చింది: హాస్టల్లో ఉండేవాళ్లు ఊళ్లోనైనా, హాస్టల్ ఉన్నచోటైనా, ఏదో ఒకచోట ఓటు పెట్టుకోవచ్చు. కానీ చదివేది గుర్తింపు ఉన్న కోర్సు అయ్యుండాలి, కనీసం ఏడాదిది కావాలి. జావా ఫుల్ స్టాక్ మూడు నెలలు, టెస్టింగ్ రెండు నెలలు, డేటా సైన్స్ నాలుగు నెలలు. ఆ లెక్కన అమీర్‌పేట చదువంతా ఆ గీతకు అవతలే.

మేం ఎవరినీ మోసం చేయమనడం లేదు. మూడు నెలల కోర్సుకు వచ్చి ఊరికి తిరిగి వెళ్లిపోయే తమ్ముడు ఊళ్లోనే ఓటు ఉంచుకోవాలి, అదే న్యాయం. మేం అడుగుతున్నది మిగతావాళ్లను. ఆర్నెల్లలో ఉద్యోగం వస్తుందని వచ్చి నాలుగేళ్లుగా ఇక్కడే ఉన్న అన్నలను, హైటెక్ సిటీలో ఉద్యోగమొచ్చినా మెట్రో దగ్గరని ఎస్సార్‌నగర్ హాస్టల్ వదలని అక్కలను, ఇన్‌స్టిట్యూట్లలో పాఠం చెప్పే ఫ్యాకల్టీని, కౌంటర్లో కూర్చుని ఫీజులు కట్టించుకునే అమ్మాయిలను, వంటవాళ్లను, డెలివరీ కుర్రాళ్లను. వీళ్లంతా ఇక్కడి సాధారణ నివాసులే. రెండుచోట్ల పేరుంచుకోవడం చట్టవిరుద్ధం, తెలిసి తప్పుడు డిక్లరేషన్ ఇస్తే జైలుశిక్ష దాకా ఉంది. కాబట్టి ఒక్కటే ఉంచుకోండి, అది బతుకుతున్న చోట ఉంచుకోండి.

ఊరి ఓటు వదులుకోవడం మనసుకు కష్టమని తెలుసు. 2024 మే 13న ఆంధ్రలో అసెంబ్లీకీ, రెండు రాష్ట్రాల్లో లోక్‌సభకూ ఒకేరోజు పోలింగ్ పెడితే విజయవాడ హైవే మీద టోల్‌గేట్ల దగ్గర కార్లు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోయాయి. సర్పంచి ఎన్నికొస్తే అమ్మ ఫోన్ చేస్తుంది, మేనమామ నిలబడ్డాడంటుంది, కాదనలేం. పైగా ఊళ్లో ఓటు తీసేస్తే రేషన్ కార్డులో పేరు పోతుందని ఒక భయం. ఆ రెండింటికీ చట్టంలో ఏ ముడీ లేదు. మేనమామ సంగతంటారా, మీరు లేకపోయినా ఆయన గెలిచే మనిషైతే గెలుస్తాడు.

ఇంకో సంగతి చెప్పాలి. మైత్రీవనం మూడు నియోజకవర్గాలు కలిసేచోటికి దగ్గర. అమీర్‌పేట సనత్‌నగర్‌లో ఉంది. వెంగళరావునగర్, యూసుఫ్‌గూడ వైపు వెళ్తే జూబ్లీహిల్స్. పంజాగుట్ట దాటి సోమాజిగూడ వైపు వెళ్తే ఖైరతాబాద్. హాస్టల్ మారితే ఎమ్మెల్యే మారిపోతాడు. 2025 నవంబరు 11న జూబ్లీహిల్స్ ఉపఎన్నికలో 58 మంది పోటీ చేశారు. ముఖ్యమంత్రి దగ్గర్నుంచి మాజీ మంత్రుల దాకా గల్లీగల్లీ తిరిగారు. అయినా సగం మంది ఓటర్లు ఇల్లు కదల్లేదు. ఓటున్నవాళ్లు వెయ్యక, వెయ్యాలనుకునేవాళ్లకు ఓటు లేక, ఈ చుట్టుపక్కల ఎన్నికలు అలా నడిచిపోతున్నాయి.

ఇక సభలో మా అభ్యర్థి ఏం చేస్తారు? ఎమ్మెల్యే పనేమిటో ఎమ్మెల్యేలే మనల్ని మర్చిపోయేలా చేశారు. పెళ్లికి రావడం, సీఎం సహాయనిధి చెక్కు ఇవ్వడం, స్టేషన్‌కు ఫోన్ కొట్టడం, ఇవే ఎమ్మెల్యే పనులనుకుంటున్నాం. అసలు పని చట్టాలు చేయడం, బడ్జెట్ పద్దు ప్రశ్నించడం, మంత్రి చేత జవాబు చెప్పించడం. మేం రాసుకున్న ప్రతి పనీ ఈ మూడింట్లో ఏదో ఒకదానితో అయ్యేదే.

అన్నిటికన్నా ముందు కోచింగ్ చట్టం. ఇక్కడ ఫ్లెక్సీలు చదివితే లోకంలో నిరుద్యోగమనేదే ఉండకూడదు. వంద శాతం ప్లేస్‌మెంట్, రేపటి నుంచే కొత్త బ్యాచ్, మొదటి రెండు క్లాసులు ఫ్రీ. డెమో రోజు గొప్పగా చెప్పే ఫ్యాకల్టీ బ్యాచ్ మొదలయ్యాక కనిపించడు, ఇంకొకరెవరో వస్తారు. ఫీజు ఫోన్‌పేలో పోతుంది, రసీదు రాదు. సగంలో మానేస్తే డబ్బు తిరిగిరాదు. ఆ పైన కన్సల్టెన్సీల పేరుతో తిరిగేవాళ్లు ‘బ్యాక్‌డోర్’ అంటారు, లక్షలు అడుగుతారు, దొంగ ఎక్స్‌పీరియెన్స్ లెటర్ చేతిలో పెడతారు. కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసిన రోజు రోడ్డున పడేది లెటర్ ఇచ్చినవాడు కాదు, తీసుకున్న పిల్లవాడు.

కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు విడుదల చేసింది. 50 మందికి మించి విద్యార్థులుంటే వర్తిస్తాయి. సగంలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు పదిరోజుల్లో తిరిగివ్వాలి. ర్యాంకు, మార్కులు గ్యారంటీ అని చెప్పకూడదు. ఒక్కో విద్యార్థికి కనీసం ఒక చదరపు మీటరు చోటుండాలి. అదే ఏడాది నవంబరులో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనల మీద ఇంకో మార్గదర్శకం తెచ్చింది. రాతలో అంతా బాగానే ఉంది. కానీ విద్యాశాఖ చెప్పింది సలహా, రాష్ట్రం చట్టం చేస్తేనే దానికి కోరలొస్తాయి. బిహార్ 2010లోనే చట్టం చేసింది, కోటా పిల్లల చావుల తర్వాత రాజస్థాన్ 2025లో చేసింది. ఎంసెట్ కోచింగ్‌లో, సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో దేశానికే దారి చూపామని చెప్పుకునే మనకెందుకు ఆలస్యం? మా అభ్యర్థి గెలిస్తే తొలి సమావేశంలోనే ప్రైవేటు సభ్యుడి బిల్లుగా దీన్ని పెడతారు. ప్రైవేటు బిల్లు పాసవ్వడం అరుదని తెలుసు. ప్రభుత్వం దాన్ని ఎందుకు వద్దంటోందో కారణం సభలో చెప్పాల్సి వస్తుంది, మాకు ముందు అది చాలు.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని దారి ఒకటుంది, దాన్ని ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. మైత్రీవనం, స్వర్ణజయంతి కాంప్లెక్సులు ప్రైవేటువి కావు. హుడా కట్టినవి, ఇప్పుడు హెచ్‌ఎండీఏ సొత్తు. అంటే ఇక్కడ ఇంటాయన ప్రభుత్వమే. అద్దె ఒప్పందంలో నాలుగు షరతులు చేర్చడానికి శాసనసభ అవసరం లేదు, ఒక జీవో కూడా అక్కర్లేదేమో. తన భవనంలో క్లాసులు నడిపే ప్రతి అద్దెదారూ రసీదివ్వాలి, ఫీజు వాపసు నియమం గోడమీద అంటించాలి, ప్లేస్‌మెంట్ ఇచ్చామంటే ఆధారం చూపాలి, మెట్లకు అడ్డంగా ఏమీ పెట్టకూడదు. చుట్టూ ఉన్న ఆదిత్య ఎన్‌క్లేవ్, ఇతర ప్రైవేటు భవనాల్లో వాళ్లు వినకపోవచ్చు. కానీ ఎదురు బిల్డింగులో రసీదిస్తుంటే ఇక్కడెందుకివ్వరని విద్యార్థి అడగడం మొదలవుతుంది. ఈ పనికి మేం ఎన్నికల దాకా కూడా ఆగం. సమాచార హక్కు చట్టం కింద ఆ లీజుల నకళ్లు అడుగుతాం.

తర్వాత హాస్టళ్లు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. అందరూ వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి ఉద్యోగాలకొచ్చిన పిల్లలు. పొగలో ఊపిరాడక పోయారు. సూరత్‌లో 2019 మే 24న కోచింగ్ సెంటర్లో 22 మంది. ఢిల్లీ రాజేందర్‌నగర్‌లో 2024 జులై 27న సెల్లార్ లైబ్రరీలోకి వరద నీరొచ్చి ముగ్గురు. ప్రతిసారీ వారం రోజులు తనిఖీలు, సీళ్లు, ఆ తర్వాత మామూలే.

మన దగ్గర చిక్కెక్కడుందంటే, నివాస భవనం 18 మీటర్లు, వాణిజ్య భవనం 15 మీటర్ల ఎత్తుకు చేరితేనే అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి. అమీర్‌పేట, బల్కంపేట, ఎస్సార్‌నగర్ సందుల్లో హాస్టళ్లు ఎక్కువగా ఆ ఎత్తుకు కిందే ఉంటాయి. కాగితం మీద అది కుటుంబాలుండే అపార్ట్‌మెంటు. లోపల హాల్లో ఆరు మంచాలు, బెడ్‌రూమ్‌లో నాలుగు, బాల్కనీకి రేకులు కొట్టి ఇంకో రెండు. ఒకటే మెట్లదారి, దాని కింద సిలిండర్లు, బైకులు. రాత్రి పదింటికి కొల్లాప్సిబుల్ గేటుకు తాళం. అమ్మాయిల హాస్టళ్లలో భద్రత పేరుతో కిటికీలకు కూడా గ్రిల్స్ బిగిస్తారు. ఆ తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంటుంది. వాచ్‌మన్ ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు.

పన్ను దగ్గరికొచ్చేసరికి ప్రభుత్వానికి మేం కనిపిస్తాం. కనీసం 90 రోజులుంటే నెలకు 20 వేల దాకా హాస్టల్ అద్దెకు జీఎస్టీ మినహాయింపని 2024 జూన్‌లో కౌన్సిల్ తేల్చింది, సంతోషం. మెట్లెన్ని, మంచాలెన్ని అన్న లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. తమిళనాడు 2014లోనే మహిళల, పిల్లల హాస్టళ్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. మాకు ఆడామగా అందరి హాస్టళ్లకూ వర్తించే చట్టం కావాలి: మంచాల సంఖ్యను బట్టి రిజిస్ట్రేషన్, ఎత్తుతో పనిలేకుండా అగ్నిమాపక తనిఖీ, లోపల్నుంచి తెరుచుకునే రెండో దారి, ఖాళీ చేసిన వారంలో అడ్వాన్సు వాపసు. హాస్టల్ నడిపేవాళ్లు మాకు శత్రువులు కారు. వాళ్లలో చాలామంది భవనం లీజుకు తీసుకుని అప్పుల్లో ఈదుతున్నవాళ్లే. రెండో మెట్లదారి ఖర్చు భవన యజమానిదా, నడిపేవాళ్లదా అన్నది చట్టమే తేల్చాలి. లేకపోతే అది మంచం రేటులో కలిసి మా నెత్తినే పడుతుంది.

వాన గురించి ఈ చౌరస్తాలో నిలబడ్డ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. జూబ్లీహిల్స్ వాలు నుంచి కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, మధురానగర్ మీదుగా దిగే నీళ్లు మైత్రీవనం దగ్గరికొచ్చి ఆగుతాయి. 2025 ఆగస్టులో ముఖ్యమంత్రే చెప్పాపెట్టకుండా వచ్చి బుద్ధనగర్, గంగూబాయి బస్తీ చూసి వెళ్లారు. వచ్చినందుకు మెచ్చుకుందాం. కానీ నీళ్లు బయల్దేరేది ఒక నియోజకవర్గంలో, ముంచేది ఇంకో నియోజకవర్గంలో. కింద పూడిక తీసినంత మాత్రాన పైనుంచి వచ్చేది తగ్గదు. హుస్సేన్‌సాగర్ దాకా ఉన్న నాలా మొత్తానికి ఒకే పటం, ఒకే పద్దు, ఒకే బాధ్యుడైన అధికారి కావాలని మా అభ్యర్థి అడుగుతారు. పక్క నియోజకవర్గాల ఎమ్మెల్యేలు ఏ పార్టీవాళ్లయినా వాళ్లతో కలిసే అడుగుతారు.

2019 సెప్టెంబరు 22న అలాంటి వానకే అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద తలదాచుకున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని మీద పైనుంచి పెచ్చు ఊడిపడింది. ఆ అమ్మాయి చనిపోయింది. వాన వస్తే ఇప్పటికీ అందరం అక్కడే నిలబడతాం, వేరే నీడ లేదు. ఎల్‌అండ్‌టీ నుంచి మెట్రోను రాష్ట్రమే తీసుకుంటానని 2025 సెప్టెంబరులో ఒప్పుకుంది కనుక, స్టేషన్ల నిర్మాణ భద్రత నివేదిక ఏటా సభ ముందు పెట్టాలి. మెట్రోలో నెలపాసు ఇస్తారా లేదా అన్నది కూడా అప్పుడే తేల్చాలి.

ఫుట్‌పాత్ మీద బండ్లను లేపేయమని మేం అడగం. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం సర్వే చేసి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. పెద్ద షోరూములు మెట్ల కింద, మెట్ల ముందు ఆక్రమించిన జాగా ముందు ఖాళీ చేయిస్తే దోసెబండికీ, నడిచేవాళ్లకూ ఇద్దరికీ చోటుంటుంది.

చదువుకోడానికి చోటు. ఇది చిన్న కోరికే గానీ మాకు చాలా ముఖ్యం. ఆరుగురున్న గదిలో ఒకరు ఇంటర్వ్యూ ఇస్తుంటే మిగతా అయిదుగురూ కారిడార్లో కూర్చోవాలి. చేసేదిలేక నెలకు వెయ్యికి పైగా పెట్టి ప్రైవేటు స్టడీహాల్లో కుర్చీ అద్దెకు తీసుకుంటున్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అమీర్‌పేటలో ప్రతి భవనం మీదా అది పడుతుంది, మా అద్దెలోంచే యజమాని కడతాడు. ఈ ప్రాంతంలో వసూలైన సెస్సెంత, గ్రంథాలయ సంస్థకు చేరిందెంత, ఇక్కడ ఖర్చయిందెంత? మా అభ్యర్థి సభలో వేసే మొదటి ప్రశ్న అదే. అడిగేది రాత్రంతా తెరిచుండే రీడింగ్ రూమ్, ప్లగ్ పాయింట్లు, మంచి బాత్రూములు. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ ముందు గ్రూప్స్ పిల్లలు చెట్లకింద కూర్చుని చదువుకోవడం మన ఘనత కాదు.

ఉద్యోగాలు ఇప్పిస్తామని మేం చెప్పం. ఏ ఎమ్మెల్యే చేతిలోనూ ఉద్యోగాల మూట ఉండదు. ఉందని చెప్పేవాడు బ్యాక్‌డోర్ కన్సల్టెన్సీకి అన్న. ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో మాత్రం 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకై రద్దవడం, 2023 జూన్‌లో మళ్లీ రాస్తే అదీ కోర్టు కొట్టేయడం మా గదుల్లో అందరూ అనుభవించారు. 2024 ఆగస్టులో ప్రభుత్వం జాబ్ క్యాలెండర్‌ను శాసనసభలో పెట్టింది. ప్రతి సమావేశంలోనూ ఏ తేదీ గడిచింది, ఏ నోటిఫికేషన్ రాలేదు అని మా అభ్యర్థి దాన్ని చేతబట్టుకుని లేస్తారు. విసుగనిపించినా సరే, లేస్తారు.

అభ్యర్థికి కొన్ని కట్టుబాట్లు పెట్టాం. శాసనసభ అభ్యర్థికి ఎన్నికల సంఘం పెట్టిన ఖర్చు పరిమితి 40 లక్షలు. మేం అందులో నాలుగోవంతు దాటం. రోజువారీ లెక్క హాస్టల్ నోటీసు బోర్డుల మీద ఉంటుంది. మందు, బిర్యానీ, డబ్బు కవరు మా చేతి మీదుగా వెళ్లవు. ఇన్‌స్టిట్యూట్ యజమానుల దగ్గర, హాస్టల్ భవనాల యజమానుల దగ్గర చందా తీసుకోం, ఎందుకో చెప్పనక్కర్లేదు. గెలిచాక పార్టీ మారడం కుదరదు: ఇండిపెండెంటుగా గెలిచినవారు ఏ పార్టీలో చేరినా పదో షెడ్యూలు ప్రకారం అనర్హులు. పక్క ఖైరతాబాద్‌లో 2023లో ఒక గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యే 2024లో ఇంకో గుర్తు మీద లోక్‌సభకు నిలబడటం చూశాం కనుక చట్టాన్ని మాత్రమే నమ్మం. పార్టీ మారితే సభ్యత్వానికి రాజీనామా చేస్తానని అభ్యర్థి నామినేషన్ కంటే ముందే మాకు రాసివ్వాలి. ఎమ్మెల్యేకు జీతభత్యాలు నెలకు రెండున్నర లక్షలు. అందులోంచి ఒక లాయర్నీ, బిల్లులు రాయగల ఒక పరిశోధకుణ్నీ పెట్టుకోవాలి. మేం పెట్టిన షరతుల్లో అభ్యర్థిత్వం అడగొచ్చిన ఒకరిద్దరు వెనక్కి తగ్గింది దీని దగ్గరే.

గెలుస్తామా? పోలైన ఓట్లలో ఆరోవంతు రాకపోతే డిపాజిట్ పోతుంది, పోవచ్చు కూడా. కానీ మా పేర్లు జాబితాలోకి చేరితే ఆ తర్వాత గెలిచేది ఎవరైనా మా మెట్లెక్కక తప్పదు.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది. ఇంతవరకూ ఎక్కడా ఓటు లేనివాళ్లు ఫారం 6 నింపండి. ఊళ్లో ఓటున్నవాళ్లకు ఫారం 6 కాదు, చిరునామా మార్పుకు ఫారం 8. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో దేనికైనా 18 నిండితే చాలు. చిరునామా రుజువు లేదని ఆగిపోకండి, దరఖాస్తు పెడితే బూత్ స్థాయి అధికారి వచ్చి విచారించాలి. వచ్చినప్పుడు గదిలో ఉండండి. లేకపోతే వార్డెన్‌కు, వంటమాస్టరుకు మీ పూర్తిపేరు చెప్పి ఉంచండి. ‘త్రీ నాట్ టూ లో ఉండే గుంటూరు పిల్లాడు’ అంటే అధికారి రాసుకోడు. సంతకాలు చేసే పదిమంది ప్రతిపాదకులను మీలోంచే ఎంచుకుంటాం. ఇప్పటికి ఒక్కరున్నారు, తొమ్మిదిమంది కావాలి.